ఊపిరిపై చూపు: హైదరాబాదు క్లోరోఫారం పరిశోధనలు, నేటి నొప్పి మందులు

జహీరాబాదు సమీపమునందలి మొగుడంపల్లి నుండి శ్రోత ఒకరు మాకు జాబు వ్రాసిరి. వారి తల్లిగారికి పట్టణములో పెద్ద శస్త్రచికిత్స జరిగినది. ఇంటికి పంపునపుడు వైద్యులు ముక్కులోనికి చిమ్ముకొనెడి నొప్పి మందు నొకదానిని వ్రాసియిచ్చి, ఇన్ని గంటలకొక మారు మాత్రమే వాడవలెనని చెప్పిరట. జాబులోని ప్రశ్న యిది: అర్ధరాత్రివేళ తల్లి మూలుగుచున్నది, గడువునకు ఇంకను రెండు గంటలున్నది, సీసా చేతికందునంత దూరములోనే యున్నది. మరియొక మారు చిమ్మిన ఏమగును? చిమ్మకయే కన్నతల్లి బాధను చూచుచు కూర్చుండుట ధర్మమా?

ఈ ప్రశ్నకు రెండు మాటలలో జవాబు చెప్పవచ్చును. చిమ్మరాదు, వైద్యునికి ఫోను చేసి అడుగవలెను. కాని ఎందుచేత చిమ్మరాదో తెలియనిచో, ఆ జవాబు అర్ధరాత్రివేళ తల్లి మూలుగు ముందు నిలువదు. నొప్పిని తీసెడి మందు ప్రాణమును తీసినపుడు ఏ దారిని తీయును? అది ముందుగా దేనిని పట్టుకొనును? ఈ ప్రశ్నను లోకమంతయు చూచుచుండగా గట్టిగా విచారించిన నగరములలో మన హైదరాబాదు ఒకటి. 1888, 1889 సంవత్సరములలో జరిగిన ఆ విచారణ కథ తెలిసినచో, మొగుడంపల్లిలోని ఆ గదిలో ఏమి చేయవలెనో దానంతట అదియే తెలియును.

మొగుడంపల్లి నేడు సంగారెడ్డి జిల్లాలో ఒక మండలకేంద్రము. 2016 నాటి పునర్విభజనతో దానికా హోదా వచ్చినది. అంతకుముందు అది జహీరాబాదు మండలములోనిది. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము జహీరాబాదు తాలూకా హైదరాబాదు రాష్ట్రమునందలి బీదరు జిల్లాలో నుండెడిది. అందుచేతనే నేటికిని అచ్చటి సంతలో తెలుగు, కన్నడము, ఉర్దూ కలసి వినబడును. జబ్బుచేసినచో కొందరు బీదరునకు, కొందరు సంగారెడ్డికి, కొందరు హైదరాబాదునకు పోవుదురు. మేము చెప్పబోవు కాలమున ఈ ప్రాంతమంతయు నిజాము రాజ్యములోనిదే.

మత్తుమందు రాకమునుపు శస్త్రచికిత్స యనిన, నలుగురు పట్టుకొనగా ఒకరు కోయుటయే. వైద్యుని నేర్పు వేగములో నుండెడిది. 1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున మోర్టన్ అను దంతవైద్యుడు ఒక రోగికి ఈథరు ఆవిరి పీల్పించగా, వైద్యులు నొప్పి లేకుండ అతని మెడమీది కణితిని కోసిరి. ఆ సంవత్సరముననే హైదరాబాదులో నాల్గవ నిజాము నాసిరుద్దౌలా కాలమున వైద్య పాఠశాల స్థాపింపబడుట ఒక విశేషము. మరుసటి సంవత్సరము నవంబరులో ఎడింబరో నగరమున సింప్సన్ క్లోరోఫారమును ప్రవేశపెట్టెను. ఈథరు ఘాటైనది, నిప్పంటుకొనునది, మెల్లగా పనిచేయునది. క్లోరోఫారము తీయని వాసన గలది. నాలుగు చుక్కలు గుడ్డపై వేసి ముక్కువద్ద పట్టిన చాలును. అందుచేత అది స్వల్పకాలములోనే దేశదేశములకు ప్రాకిపోయెను.

కాని దాని వెంటనే భయమును వచ్చెను. 1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండులోని న్యూకాసిల్ సమీపమున హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలికకు కాలిగోరు తీయుటకై క్లోరోఫారము ఇచ్చిరి. కొన్ని నిమిషములలోనే ఆ బాలిక మరణించెను. గోరు తీయుటకు పోయి ప్రాణము పోగొట్టుకొనుట! అటుపిమ్మట అట్టి మరణములు ఒకటి తరువాత ఒకటిగా పత్రికల కెక్కుచునే యుండెను. క్లోరోఫారము చంపునపుడు ముందుగా గుండెను ఆపునా, లేక ఊపిరిని ఆపునా? వైద్యులు రెండు పక్షములైరి. లండను వైద్యులలో అనేకులు గుండెయే యనిరి. కనుక మత్తునిచ్చువాడు రోగి చేతినాడిపై వ్రేలుంచి యుండవలెననిరి. ఎడింబరో వారు ఊపిరియే యనిరి. కనుక నాడిని విడిచి శ్వాసనే చూడవలెననిరి. ఇది పండితుల వాదముగా తోచవచ్చును గాని, బల్లపై పరుండిన రోగికి ఇది చావుబ్రదుకుల విషయము. తప్పు చోట చూచుచున్న కన్నునకు అపాయము కనబడదు కదా!

ఈ తగవు హైదరాబాదునకు ఎడ్వర్డ్ లారీ అను వైద్యునితో వచ్చెను. ఆయన ఎడింబరోలో సైమ్ అను ప్రఖ్యాత శస్త్రవైద్యుని శిష్యుడు. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగాను, నిజాము వైద్య పాఠశాలకు ప్రధానాధ్యాపకుడుగాను పనిచేసెను. మూసీనది యొడ్డునగల అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆయన కార్యక్షేత్రము. గురువు నేర్పిన సూత్రమును లారీ మంత్రమువలె నమ్మెను: క్లోరోఫారము ఇచ్చువాడు రోగి శ్వాసను కనిపెట్టుకొని యుండిన చాలును, శ్వాస చక్కగా నడచుచున్నంతవరకు భయము లేదు. వేలకొలది రోగులకు ఈ పద్ధతిని మత్తునిచ్చి తన మాట నిజమని ఆయన చెప్పుచుండెను.

మాటతో తృప్తిపడక, 1888లో నిజాము ప్రభుత్వముచే ఒక కమిషన్‌ను నియమింపజేసెను. డాక్టరు హెహిర్ మున్నగువారు అందులో నుండిరి. నూట ఇరువదియెనిమిది ఊరకుక్కలపై క్లోరోఫారమును ప్రయోగించి, ప్రతిదానిలోను ముందుగా ఆగినది ఊపిరియో గుండెయో చూచిరి. ఊపిరి ముందు ఆగెననియు, గుండె కొంతసేపు కొట్టుకొని తరువాత ఆగెననియు వారు నివేదించిరి. ఆ మూగజీవుల మరణమును తలచిన నేడు మన మనస్సు కలుక్కుమనును. మన మందుల చరిత్రలో ఆ ఋణము కూడ నున్నదని మరువరాదు.

లండనులోని ప్రఖ్యాత వైద్యపత్రిక లాన్సెట్ ఈ ఫలితమును నమ్మలేదు. ఎచ్చటనో దక్కనులో జరిగిన ప్రయోగము తమ అనుభవమును త్రోసివేయగలదా యని శంకించెను. అప్పుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ చేసిన పని మాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచుచున్నది. అప్పటికాయన వయస్సు ఇరువదిమూడేండ్లకు మించదు. విమర్శకు కోపగింపలేదు, వాదమునకు దిగలేదు. నమ్మనివారే తమ మనిషి నొకరిని పంపి కన్నులార చూడవచ్చునని చెప్పి, ఆ ఖర్చులకై వెయ్యి పౌనులు ఇచ్చెదనని తెలిపెను. శంకించువానిని ఇంటికి పిలిచి, దారి ఖర్చు తానే యిచ్చి, తప్పుండిన చూపుమనుట సామాన్యమైన ఔదార్యము కాదు.

లాన్సెట్ పంపినవారు డాక్టరు లాడర్ బ్రంటన్. ఆ కాలమున మందుల గుణములెరిగిన వారిలో ఆయన అగ్రగణ్యుడు. గుండెనొప్పికి ఎమైల్ నైట్రైట్ అను ద్రవమును గుడ్డపై వేసి ముక్కుతో పీల్చినచో కొద్ది క్షణములలో నొప్పి తగ్గునని 1867లోనే లోకమునకు తెలిపినవాడాయన. అనగా ముక్కు దారిని నొప్పిని తగ్గించు విద్యలో ఆరితేరినవాడే ఈ తగవు తీర్చుటకు వచ్చెనన్నమాట. హైదరాబాదు బయలుదేరునప్పుడు ఆయనకు గుండెపక్షముననే మొగ్గు ఉండెను. 1889 చివరి మాసములలో రెండవ కమిషన్ కూర్చుండెను. లారీ అధ్యక్షుడు, బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ అనువారు సభ్యులు. నాలుగువందలకు మించిన జంతువులపై ప్రయోగములు జరిగెను. రక్తపు పోటును కాగితముపై గీతగా గీయు యంత్రములను కూడ వాడిరి. తుదకు బ్రంటన్ తన మునుపటి అభిప్రాయమును మార్చుకొని, ప్రమాదము ఊపిరినుండియే వచ్చుచున్నదని తంతి నిచ్చెను. 1890లో లాన్సెట్ ఆ నివేదికను ప్రకటించెను.

ఆ నివేదికలో మత్తునిచ్చువారికి చెప్పిన హితవులు సామాన్యుడు కూడ గ్రహింపదగినవి. రోగి వెల్లకిల పరుండవలెను. మెడ, రొమ్ము, పొట్టవద్ద బట్టలు వదులుగా నుండవలెను. ఊపిరి ధారాళముగా నడచుచున్నదా యని ఆద్యంతము చూచుచుండవలెను. రోగి ఊపిరి బిగబట్టినచో మందును తొలగించవలెను. ఏలయన బిగబట్టిన తరువాత తీయు ఒక్క పెద్ద ఊపిరితో మందు మితిమీరి లోనికి పోవును. ఊపిరికి అడ్డు తోచినచో క్రింది దవడను ముందునకు లాగవలెను. అవసరమైనచో కృత్రిమముగా శ్వాస నాడించవలెను. వీనిలో గొప్ప యంత్రమేదియు లేదు. ఒక కన్ను, ఒక చేయి, తెలివి తప్పని మనస్సు, ఇవియే సాధనములు.

ఆ పాఠశాలలో ఆ కాలముననే రూపాబాయి ఫర్దూన్‌జీ అను పార్సీ యువతి చదివెను. 1885లో అచ్చట చేరిన కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకరు. 1889లో హకీము పట్టమును పొంది, హైదరాబాదు ఆసుపత్రులలో క్లోరోఫారము నిచ్చు పనిలో పేరుగాంచిరి; 1909లో ఎడింబరో పోయి మరింత నేర్చిరి. మత్తునిచ్చుటయే తమ వృత్తిగా చేసికొన్న ప్రపంచపు తొలి మహిళలలో ఆమెను నేడు లెక్కింతురు. శస్త్రవైద్యుని పేరు ఫలకములపై కెక్కును. రోగి తలవద్ద కూర్చుండి ఊపిరులు లెక్కించిన వారి పేరు అరుదుగా కెక్కును. అందుచేత ఆ పేరును ఇచ్చట ప్రత్యేకముగా తలచుచున్నాము.

ఇంతటితో కథ ముగిసినచో అది లారీ విజయగాథ యగును. కాని చరిత్ర అంత సులభముగా ముగియదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనువారు క్లోరోఫారము గుండెను నేరుగా బలహీనపరచునని చూపిరి. 1911లో లెవీ అను వైద్యుడు మరియొక విషయమును బయటపెట్టెను: మత్తు పలుచగా నున్నపుడు, భయోద్రేకముల వలన శరీరములో ఊరు ఎడ్రినలిను క్లోరోఫారముతో కలసి, గుండె కొట్టుకొనుటను హఠాత్తుగా చెదరగొట్టి ఆపివేయగలదు. ఆనాడు న్యూకాసిల్ బాలిక అట్లే పోయియుండునని పలువురు తలంతురు. అనగా హైదరాబాదు కమిషన్ చూచినది నిజమే. కాని అది యావత్తు నిజము కాదు. మందు ఎక్కువైనచో ఊపిరి ముందు ఆగునని వారు సరిగా చూచిరి. గుండెకు ప్రమాదమే లేదని చెప్పుట మాత్రము వారి పొరపాటు. శ్వాసను చూడుమని చెప్పిన లారీ మేలు చేసెను. నాడిని చూడనక్కరలేదని చెప్పిన లారీ హద్దు మీరెను. నేడు శస్త్రచికిత్సలయందు క్లోరోఫారమును వాడరు. అయినను మత్తు వైద్యుడు నేడును శ్వాసను, నాడిని, రక్తములోని ప్రాణవాయువును మూడింటిని ఎడతెగక చూచుచునే యుండును.

ఇక ఆ శ్రోత చేతిలోని సీసా కడకు వత్తము. ముక్కు దారిని మందిచ్చుట మనకు క్రొత్తది కాదు. ఆయుర్వేదమున నస్యకర్మ పంచకర్మలలో నొకటి. వాగ్భటుడు ముక్కును శిరస్సునకు వాకిలిగా చెప్పెను. ముక్కుపొడి పీల్చిన తాతగారి తుమ్మును, జలుబుకు ఆవిరి పట్టించిన అమ్మమ్మను ఎరుగనివారెవరు? ముక్కు లోపలి పొరలో సన్నని రక్తనాళములు దట్టముగా అల్లుకొని యున్నవి. మ్రింగిన మాత్ర పొట్ట, పేగులు, కాలేయము దాటి రక్తములోనికి చేరుటకు చాలసేపు పట్టును; దారిలో కొంత కాలేయమునందే నశించును. ముక్కులో చిమ్మిన మందు ఆ చుట్టు దారి లేకుండ నిమిషములలో రక్తమున కలియును. వాంతులగుచున్నవారికి, మ్రింగలేనివారికి ఇది గొప్ప మేలు. కాని త్వరగా మేలు చేయునది త్వరగా కీడును చేయగలదు.

ఇట్టి మందులు ముఖ్యముగా మూడు జాతులు. మొదటిది నల్లమందు జాతి: బ్యూటార్ఫనాల్, ఫెంటానిల్ మొదలైనవి. రెండవది వాపును నొప్పిని తగ్గించు కీటోరోలాక్. మూడవది పార్శ్వపు తలనొప్పికి వాడు సుమాట్రిప్టాన్ వంటివి. మూడును ఒకే ఆకారపు సీసాలలో రావచ్చును గాని, మూడింటి స్వభావములు వేరు. చేతిలోనిది ఏ జాతిదో వైద్యుని అడిగి తెలిసికొనుట మొదటి పని.

నల్లమందు జాతి మందులు సరిగా క్లోరోఫారమువలెనే మితిమీరినపుడు ఊపిరిని పట్టుకొనును. మెదడులో శ్వాసను నడపెడి కేంద్రము మందగించును. రోగి నిద్రపోవుచున్నట్లే యుండును. ఊపిరుల మధ్య విరామము పెరుగుచు, తుదకు మరి ఊపిరి రాదు. లారీ హైదరాబాదులో దేనిని చూడుమని నేర్పెనో దానినే ఇచ్చటను చూడవలెను. ముక్కు మందు కదా, సూది కాదు కదా యని తేలికగా తీసికొనుట ఎంత పొరపాటో అమెరికా అనుభవము చూపినది. బ్యూటార్ఫనాల్ ముక్కు మందును అచ్చట 1991లో అనుమతించినపుడు దానిపై కట్టుబాట్లు అంతగా లేకుండెను. కొందరు దానికి అలవాటుపడిరి, హాని కలిగెను. 1997లో ఆ ప్రభుత్వము దానిని నియంత్రిత మందుల పట్టికలో చేర్చెను.

కనుక గడువునకు ముందు మరియొక మారు చిమ్మరాదు. మొదట చిమ్మిన మందు పూర్తిగా పనిచేయకముందే రెండవది చేరినచో, రెండును కలసి ఒకేసారి పట్టుకొనును. గడువు అనునది వైద్యుని మొండితనము కాదు. మొదటి మందు బలము తగ్గుటకు పట్టు కాలము. నొప్పి తీరనిచో మందు మోతాదును వైద్యుడే మార్చవలెను. ఒకమారు వాడుట మరచినచో, దానికి బదులుగా రెండింతలు వాడరాదు. చిమ్మిన వేళను గోడమీది క్యాలెండరుపై వ్రాసియుంచుట మేలు. రాత్రి కొడుకు చిమ్మినది తెలియక తెల్లవారుజామున కోడలు మరల చిమ్ముట యిండ్లలో జరుగగల పొరపాటే.

చిమ్ము విధమును చెప్పెదము. ముందుగా ముక్కును మెల్లగా చీది శుభ్రపరచుకొనవలెను. క్రొత్త సీసాను వాడునపుడు కాగితములో చెప్పినన్ని మార్లు ముఖమునకు దూరముగా గాలిలోనికి నొక్కవలెను. అపుడే సరియైన మోతాదు వచ్చును. మనిషిని నిటారుగా కూర్చుండబెట్టి, తలను వెనుకకు వాల్చక కొంచెము ముందునకు వంచవలెను. సీసా మొనను ముక్కు మధ్యగోడకు గాక చెవివైపునకు త్రిప్పి నొక్కవలెను. గట్టిగా ఎగబీల్చరాదు, అట్లు చేసిన మందు గొంతులోనికి జారి వృథాయగును. మొనను తుడిచి మూతపెట్టి, పిల్లలకందని తాళపుచోట దాచవలెను. ఫెంటానిల్ వంటి మందు పెద్దవారికి మేలు చేసిన మోతాదులోనే పసివానిని చంపగలదు. ఒకరి సీసాను మరియొకరు, నొప్పి ఒక్కటేనని, ఎన్నడును వాడరాదు.

రెండవ జాతియైన కీటోరోలాక్ ఊపిరిని ఆపదు. దాని అపాయము వేరు. కడుపులో పుండ్లు, రక్తస్రావము, మూత్రపిండములకు దెబ్బ. మాత్ర, సూది, ముక్కు మందు అన్నియు కలిపి ఐదు దినములకు మించి దానిని వాడరాదు. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలను దానితో కలుపరాదు. ఊరి ఆర్.ఎం.పి. నొప్పి సూది వేయబోవునపుడు, ఇంట ముక్కు మందు వాడుచున్నామని తప్పక చెప్పవలెను. గర్భిణులు, కడుపు పుండు, మూత్రపిండ వ్యాధి గలవారు, నొప్పి మాత్రలకు ఉబ్బసము వచ్చువారు ముందుగానే వైద్యునికి తెలుపవలెను. మూడవ జాతి, తలనొప్పి మందు, గుండెజబ్బు, అదుపులేని రక్తపుపోటు గలవారికి పనికిరాదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన అపాయ మొకటి కలదు. తెలంగాణలో కల్లు పండుగకు, పెండ్లికి, అలసటకు అలవాటైన పానీయము. కాని కల్తీకల్లులో ఆల్ప్రజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ అను మందులు కలుపుచు పట్టుబడిన కేసులు మాటిమాటికి బయటపడుచున్నవి. ఈ క్లోరల్ హైడ్రేట్ క్లోరోఫారమునకు దగ్గరి చుట్టము. క్షారముతో కలిపినచో దానినుండి క్లోరోఫారము పుట్టును. నల్లమందు జాతి ముక్కు మందు ఒకవైపు, ఈ మత్తుమందులు మరియొకవైపు కలసినచో, ఊపిరిపై రెండు బరువులు పడును. సారాయి, నిద్రమాత్రలు, కొన్ని దగ్గుమందులు, నరముల నొప్పికిచ్చు కొన్ని మాత్రలు కూడ అట్టివే. నొప్పి మరపునకై ముసలితల్లికి సీసాడు కల్లు పోయుట ప్రేమతో చేసిన పనియే కావచ్చును. కాని ఆ రాత్రి ముక్కు మందు వాడియున్నచో అది ప్రాణాంతకము. అప్పటికే మార్ఫీను వాడుచున్నవారికి బ్యూటార్ఫనాల్ ఇచ్చిన, మార్ఫీను పని చెడి ఒడలంతయు తల్లడిల్లును. కనుక వాడుచున్న సమస్త మందులను, తాగుచున్న కల్లును సహా, వైద్యునికి దాచక చెప్పవలెను.

అపాయపు గురుతులు ఇవి: పిలిచిన పలుకనంత నిద్ర, నిమిషమునకు లెక్కించిన చాల తక్కువగా, ఆగియాగి వచ్చు ఊపిరి, గొంతులో గురగుర, సూదిమొనవలె చిన్నవైన కనుపాపలు, నీలివన్నె దాల్చిన పెదవులు. వీనిలో ఏది కనబడినను బిగ్గరగా పిలిచి, భుజము తట్టి లేపవలెను. లేవనిచో వెంటనే 108కి ఫోను చేయవలెను. ఊపిరి ఆడుచున్నచో ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, దవడను ముందునకు పట్టి, ఊపిరిని లెక్కించుచు చెంతనే యుండవలెను. ఊపిరి ఆడకున్నచో, 108 వారు ఫోనులో చెప్పిన విధముగా వెంటనే కృత్రిమ శ్వాస మొదలు పెట్టవలెను. ఆసుపత్రిలో నాలొక్సోన్ అను విరుగుడు కలదు. దానితో మేల్కొన్నను వెంటనే ఇంటికి తేరాదు. విరుగుడు శక్తి ముందుగా తీరి, మందు మరల పట్టుకొనవచ్చును.

ఇంత చెప్పిన పిమ్మట, శ్రోతలు భయపడి మందునే మానివేయుదురేమోయని మాకొక సంశయము. అది రెండవ పొరపాటు. మన దేశము ఆ పొరపాటును చాలకాలము చేసెను. ప్రపంచమునకు నల్లమందు పండించి యిచ్చు దేశములో, 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము తరువాత మార్ఫీను ఆసుపత్రులకు చేరుటయే కష్టమైనది. ఒక్క సీసాకై పలు అనుమతులు కావలసివచ్చెను. కాన్సరు రోగులు అనేకులు మందు లేక నొప్పితోనే కన్నుమూసిరి. 2014లో చట్టమును సవరించి, వైద్యమునకు అవసరమైన ఇట్టి మందుల అనుమతిని సులభము చేసిరి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో నొప్పిని తగ్గించుటయే పనిగా గల విభాగము కలదు. తెలంగాణలో కొన్ని జిల్లాలలోను ఉపశమన చికిత్స కేంద్రములు వెలసినవి. నొప్పిని ఓర్చుకొనుట పుణ్యము కాదు. సరియైన మోతాదులో, సరియైన కాలమునకు, నిజమైన నొప్పికి వాడిన మందు మనిషిని మత్తునకు బానిసను చేయునని భయపడి, తల్లిని మూలుగనిచ్చుట కూడ ఒక విధమైన హానియే.

భయము మందును మాన్పించును. తొందర మందును మించి పోయించును. ఈ రెండింటి మధ్య దారిని హైదరాబాదు 1889లో చూపెను: ఇచ్చుము, ఇచ్చి చూచుచుండుము. మన భాషలో కనిపెట్టుట యనిన క్రొత్తది తెలిసికొనుట. కనిపెట్టుకొని యుండుట యనిన దగ్గరనే కూర్చుండి కాచుట. ఆనాటి కమిషన్ కనిపెట్టినది తుదకు ఈ రెండవ అర్థమునే.

మొగుడంపల్లి శ్రోతకు మా జవాబు ఇది. సీసాను అందని చోట పెట్టి, మీరు మీ తల్లిగారి చెంత కూర్చుండుడు. గడియారము చూచి ఆమె ఊపిరులు ఒక నిమిషము లెక్కింపుడు. మరల చిమ్ముటకు బదులు వైద్యునికి ఫోను చేసి, నొప్పి ఎంత యున్నదో, ఊపిరి ఎంత యున్నదో, చివరి మందు ఏ వేళకు వేసితిరో చెప్పుడు. మోతాదు చాలనిచో వారు మార్చెదరు. మార్చుమని అడుగుటకు మీరు జంకనక్కరలేదు. ఈలోగా ఆమె చేయి పట్టుకొని మాటలాడుడు. ఆ చేయి పట్టుటలో నాడి మీకు తెలియును. ఆ మాటలలో ఊపిరి మీకు వినవచ్చును.